పెరట్లో కోళ్ల దాణా బస్తా 25 రోజులకే ఖాళీ అవుతోంది, ఎవరు తింటున్నారో తెలియడం లేదు

పారిజాతం_పెరడు | జులై 6, ఉదయం 6:50

అందరికీ నమస్కారం అండి. మాది సామర్లకోట దగ్గర పల్లెటూరు. పెరట్లో ఏడు గ్రామప్రియ పెట్టలు, మా అమ్మ ఇచ్చిన నాటు పెట్ట ఒకటి, మొత్తం ఎనిమిది ఉన్నాయి. పొద్దున్న వదిలితే పగలంతా పెరట్లోనే తిరుగుతాయి. చీకటి పడేసరికి వాటంతట అవే గూట్లోకి వెళ్లిపోతాయి.

మామిడి చెట్టు కింద ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టి దాని నిండా లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) పోస్తాను. అయిపోగానే మళ్లీ నింపుతాను. తొట్టి రాత్రి కూడా అక్కడే ఉంటుంది. మొదటి రెండు నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు 50 కిలోల బస్తా 25 రోజులకు మించి రావడం లేదు. గుడ్లు మాత్రం పెరగలేదు, రోజుకు నాలుగో అయిదో. వానలు మొదలయ్యాక తొట్టి అడుగున దాణా ముద్దకట్టి పులిసిన వాసన కూడా వస్తోంది.

ఎనిమిది కోళ్లు ఇంత తింటాయా? తినకపోతే మిగతాది ఏమవుతున్నట్టు? బయట దాణా పెట్టేవాళ్లు ఎలా పెడుతున్నారో చెప్పండి ప్లీజ్.

నల్లరేగడి | జులై 6, ఉదయం 7:35

అక్కా, తినవు. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాములు తింటుంది. మధ్యస్థంగా 110 వేసుకున్నా ఎనిమిదింటికి 880 గ్రాములు. మీకు రోజుకు 2 కిలోలు పోతోంది. అంటే కిలోకి పైగా వేరేవాళ్ల పొట్టలోకి వెళ్తోంది. మీవి పెరట్లో పురుగూ గడ్డీ ఏరుకుంటాయి కాబట్టి ఇంకా తక్కువే తినాలి.

ఎలుకలే అయ్యుంటాయి. రాత్రి తొట్టి ఎత్తేయండి. మేము ఆదిలాబాద్‌లో పత్తి చేను పక్కనే ఉంటాం, ఈ బాధ మాకు ఏటా ఉండేదే.

మేడమీద_కోళ్లు | జులై 6, ఉదయం 8:10

నేను ఒప్పుకోను. గుడ్ల కోడికి దాణా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. ఎత్తేయడం మొదలుపెడితే గుడ్లు పడిపోతాయి. మా దగ్గర హైదరాబాద్‌లో మేడ మీద ఆరు కోళ్లున్నాయి. ఒక నెల పొదుపు కోసం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గిన్నెలో పోసి చూశాను. బలమైన రెండు పెట్టలే ముందు తినేసేవి. మెతకది ఒకటి చిక్కిపోయింది. మళ్లీ ఫీడర్ నింపి వదిలాకే కోలుకుంది.

నల్లరేగడి | జులై 6, ఉదయం 8:22

అన్నా, నేను తిండి తగ్గించమనలేదు, రాత్రి ఎత్తేయమన్నాను. చీకట్లో కోడి దిగి తినదు కదా.

వెటర్నరీ_తాత | జులై 6, ఉదయం 10:40

ఇద్దరూ చెప్పింది నిజమే, రెండూ కలిపితే జవాబు వచ్చేస్తుంది. పశుసంవర్ధక శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, ఈ ప్రశ్న ఊరూరా విన్నాను.

పగలు వెలుతురు ఉన్నంతసేపూ దాణా అందుబాటులో ఉండాలి. ముఖ్యంగా గ్రామప్రియ లాంటి వాటికి. అది రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్‌లో గుడ్ల కోసమే తయారుచేసిన పెరటి రకం. నాటుకోడిలా ఏరుకు తిని బతుకుతుంది కానీ, ఏరుకున్న దాంతోనే వరసగా గుడ్లు పెట్టమంటే పెట్టలేదు. అదే మీ నాటు పెట్టయితే రోజుకు 40, 50 గ్రాముల దాణా చాలు, మిగతాది పెరట్లో సంపాదించుకుంటుంది.

కోడి కడుపునిండా తినేది రెండు వేళల్లో. ఒకటి పొద్దున్న గూట్లోంచి దిగగానే, రెండోది సాయంత్రం ఎక్కేముందు. ఆ సాయంత్రం మేతే రాత్రంతా దానికి ఆధారం. అందుకే మధ్యాహ్నం తొట్టి కాసేపు ఖాళీగా ఉన్నా పెద్ద నష్టం లేదు గానీ సాయంత్రం 4 నుంచి చీకటి పడేదాకా మాత్రం దాణా తప్పకుండా ఉండాలి. కోళ్లు ఎక్కాక తొట్టి లోపల పెట్టేయండి.

సరిపడా తిన్నాయో లేదో తెలుసుకోవడానికి తూకం అక్కర్లేదమ్మా. చీకటి పడ్డాక గూట్లో చెయ్యి పెట్టి ఒక్కో కోడి మెడ కింద, రొమ్ము పైన కుడివైపుగా తడమండి. అక్కడ సంచి ఉంటుంది. కడుపునిండా తిన్న కోడికి అది ఉబ్బి, గింజలు పోసి కట్టిన చిన్న మూటలా చేతికి తగులుతుంది. పొద్దున్న వదిలే ముందు మళ్లీ చూస్తే వదులుగా, ఖాళీగా ఉండాలి. రాత్రి ఖాళీగా దొరికిన కోడిని మిగతావి తిననివ్వడం లేదని అర్థం. మేడమీద గారి మెతక పెట్ట లాంటి వాటిని ఇలాగే ముందే పట్టుకోవచ్చు. అలాంటప్పుడు ఒక తొట్టి బదులు రెండు, ఒకదాని దగ్గర నుంచుంటే రెండోది కనపడనంత దూరంలో పెట్టాలి. ఇక పొద్దున కూడా సంచి గట్టిగా ఉంటే అది అడ్డుపడింది, దగ్గర్లోని పశువైద్యుడికి చూపించండి.

మేడమీద_కోళ్లు | జులై 6, ఉదయం 11:05

తాతగారూ, రెండు తొట్ల సంగతి నాకు తట్టలేదు. థాంక్సండి. రాత్రి ఎత్తేయడానికి నాకూ అభ్యంతరం లేదు.

సీమ_సజ్జ | జులై 6, మధ్యాహ్నం 1:15

అక్కా, ఎవరు తింటున్నారో ఊహించుకోవడం ఎందుకు, కళ్లతోనే చూడొచ్చు. రాత్రి తొట్టి చుట్టూ రెండడుగుల మేర ముగ్గుపిండి పలచగా జల్లి వదిలేయండి. పొద్దున్నే కోళ్లను వదలకముందు టార్చితో పక్కనుంచి వెలుగు వేసి చూడండి. మా అనంతపురంలో మా నాయన ధాన్యం గాదె దగ్గర ఇట్లాగే చూసేవాడు.

వెటర్నరీ_తాత | జులై 6, మధ్యాహ్నం 1:40

మంచి పద్ధతి. దాంతోపాటు ఒక్క రోజు తూకం కూడా వేసి చూడమ్మా. పొద్దున పోసింది, సాయంత్రం మిగిలింది, మర్నాడు పొద్దున మిగిలింది.

పారిజాతం_పెరడు | జులై 8, ఉదయం 6:30

చూశానండి.

నిన్న ఉదయం సరిగ్గా 2 కిలోలు పోశాను. సాయంత్రం కోళ్లు ఎక్కాక తూస్తే 750 గ్రాములు ఉంది. కావాలనే అలాగే వదిలి, చుట్టూ ముగ్గు జల్లాను. ఈ ఉదయం తొట్టిలో 40 గ్రాములు.

ఇక ముగ్గు మీద చెప్పడానికి మాట రావడం లేదు. పాదాల గుర్తులే. ముందుపాదానికి నాలుగు వేళ్లు, వెనకపాదానికి అయిదు, సన్నగా, గోళ్లతో సహా పడ్డాయి. మధ్యలో తోక ఈడ్చిన గీత. ఒకచోట మాత్రం పాదం నా బొటనవేలి కంటే పొడుగుంది. అవన్నీ ప్రహరీ మూల కొబ్బరి మట్టలు పేర్చిన చోటికి బారుగా వెళ్తున్నాయి. మట్టలు కర్రతో జరిపి చూస్తే కింద పిడికిలి పట్టేంత కన్నం, దాని నోటి దగ్గర తాజా మట్టి. నాకు చేతులు వణికాయి. మా చిన్నపాప రోజూ అక్కడే ఆడుకుంటుంది.

నల్లరేగడి | జులై 8, ఉదయం 6:58

పెద్ద పాదం పందికొక్కుది అక్కా. అది అక్కడే తిని ఊరుకోదు, కలుగులోకి మోసుకుపోయి దాచుకుంటుంది. అందుకే ఒక్క రాత్రిలో 700 గ్రాములు మాయం.

మేడమీద_కోళ్లు | జులై 8, ఉదయం 7:20

పగటి లెక్క కూడా చూడండి. 1250 గ్రాములు అయింది. అందులో కోళ్లది 850 ఉంటే మిగతా 400? గోరింకలో పావురాలో అయ్యుంటాయి. మా మేడ మీద పావురాలదే సగం తిండి. చివరికి చేపల వల కట్టాకే ఆగాయి.

పారిజాతం_పెరడు | జులై 8, ఉదయం 7:31

అవునండి, గోరింకలు గుంపుగా వాలతాయి. ఉడతలు కూడా వస్తాయి. చూడముచ్చటగా ఉంటాయని ఏమీ అనేదాన్ని కాదు.

ఇప్పుడు ఎలుకలకు మందు పెట్టేయమని మా ఆయన అంటున్నారు. పెట్టొచ్చా?

వెటర్నరీ_తాత | జులై 8, ఉదయం 7:45

వద్దమ్మా. దయచేసి పెట్టొద్దు. నేను ఉద్యోగంలో చూసిన కోళ్ల చావుల్లో ఇది బాధాకరమైనది. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన గింజ ఎలుక నోట్లోంచి జారి పెరట్లో పడుతుంది, కోడి ఏరుకు తింటుంది, గంటల్లో పోతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందులైతే ఎలుక రెండుమూడు రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని కోడి పొడిచినా పిల్లి తిన్నా ఆ విషం వాటికీ ఎక్కుతుంది. పైగా ఇంట్లో చిన్నపాప ఉందంటున్నావు.

ముందు తిండి ఆపు. రాత్రి తిండి దొరకని చోట ఎలుక ఎక్కువ రోజులు కాపురం ఉండదు. తిండి ఆపిన మూడో రోజు నుంచి బోను పెట్టు. ఆకలి మీద ఉంటేనే బోనులోకి వస్తుంది. కొత్త వస్తువంటే ఎలుకకు భయం, కాబట్టి మొదటి రెండు రాత్రులు బోను తలుపు తెరిచి కట్టేసి, ఎర మాత్రం పెట్టు. కాల్చిన కొబ్బరి ముక్క గానీ ఎండుచేప తల గానీ బాగా పనిచేస్తాయి. మట్టల కుప్ప తీసేసి, కన్నం నోట్లో గాజుపెంకులూ కంకరా దట్టించి మూసేయండి. గోడ వారగా పేర్చిన ఏ కుప్ప అయినా వాటికి ఇల్లే.

చేతులకు సబ్బు మాత్రం మరిచిపోవద్దు. వానాకాలం ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకు వస్తుంది. వాటి రెట్టలు పడిన దాణా కోళ్లకు పోయకండి.

గోదారి_లంక | జులై 8, ఉదయం 9:10

ఎలుకలు ఉన్నచోటికి పాములు వస్తాయని ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. కిందటి ఏడాది మా గూటి పక్కన దాణా బస్తా మూతి తెరిచి ఉంచేవాళ్లం. ఎలుకలు చేరాయి. ఒక రాత్రి కోళ్లు ఒకటే గోల. లైటేసి చూస్తే గూటి మూల నాగుపాము. పదకొండు పిల్లల్లో మూడు పోయాయి. పాములు పట్టే ఆయన వచ్చి తీసుకెళ్లి దూరంగా వదిలాడు. ఆ రోజు నుంచి దాణా అంతా మూత బిగుసుకునే రేకు డ్రమ్ములోనే. ప్లాస్టిక్ డబ్బా అయితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి.

ఆస్టిన్_అత్తయ్య | జులై 8, రాత్రి 8:25

నేను టెక్సస్‌లో ఉంటానండి, మాకూ పెరట్లో అయిదు కోళ్లున్నాయి. ఇక్కడ ఎలుకలతోపాటు రకూన్లని ఉంటాయి, చేతులతో మూతలు తీసేస్తాయి. వాటితో పడలేక తొక్కుడు ఫీడర్ కొన్నాం. రేకు పెట్టె, ముందు ఒక పలక. కోడి పలక మీద నుంచుంటే దాని బరువుకు మూత లేస్తుంది, దిగితే మూసుకుంటుంది. ఎలుకకూ పిచ్చుకకూ ఆ బరువు ఉండదు. వాన నీళ్లు కూడా లోపలికి పోవు.

అలవాటు చేయడమే ఓపిక పని. మొదటి వారం మూత పూర్తిగా తెరిచి రాయి పెట్టి ఉంచాను. రెండో వారం సగం. మూత కదిలినప్పుడు వచ్చే చప్పుడుకు బెదిరి రెండు పెట్టలు దగ్గరికే రాలేదు. మూత అంచుకు పాత చీర ముక్క చుట్టి చప్పుడు తగ్గించాక వచ్చాయి. దాదాపు పదిహేను రోజులు పట్టింది. ఒక జాగ్రత్త ఉంది. తేలికపాటి కోళ్లుంటే వాటి బరువుకు మూత తెరుచుకోకపోవచ్చు, అది చూసుకుని స్ప్రింగో బరువో సర్దాలి. పిల్లలు ఉన్నచోట మాత్రం అసలు పెట్టొద్దు, మూత కింద ఇరుక్కుంటాయి.

పారిజాతం_పెరడు | జులై 9, ఉదయం 6:45

అత్తయ్యగారూ, ఇలాంటిది మా ఊరి వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చా? ఫొటో పెట్టగలరా?

ఆస్టిన్_అత్తయ్య | జులై 9, ఉదయం 7:30

తప్పకుండా చేస్తారమ్మా, తలుపు కీలు వేయగలిగిన వాళ్లెవరైనా చేస్తారు. ఫొటోలు మెసేజ్‌లో పంపాను. రేకు అంచులు లోపలికి మడిచి కొట్టమని చెప్పు, లేకపోతే కోడి తల పెట్టినప్పుడు కోసుకుంటుంది.

మేడమీద_కోళ్లు | జులై 9, ఉదయం 9:00

ఖర్చు వద్దనుకుంటే తొట్టిని తాడుతో వేలాడదీయండి. తొట్టి అంచు కోడి వీపు ఎత్తుకు రావాలి. నేల మీద ఉంటే లోపలికి దిగి కాళ్లతో చెదరగొడతాయి, రెట్ట వేస్తాయి. ఎత్తులో ఉంటే నుంచుని తింటాయి, కింద పడేది బాగా తగ్గుతుంది. సగానికి మించి నింపొద్దు. మా ఇంట్లో నింపడం సగానికి తగ్గించిన రోజే కింద పడే దాణా తగ్గిపోయింది.

పైపు ఫీడర్ల వీడియోలు చాలా చూసి నేనూ నాలుగంగుళాల పైపుతో చేశాను. ఎండాకాలం బాగుంది. వానల్లో మెత్తటి దాణా తేమ పట్టి పైపులో ఇరుక్కుపోయింది. పై నుంచి చూస్తే నిండుగా కనపడుతుంది, కింద కోళ్లకు ఏమీ రాదు. ఒక పూటంతా ఆకలితో ఉన్నాయి పాపం. గింజలకైతే పైపు సరే, పొడి దాణాకు వానాకాలం వద్దు.

సీమ_సజ్జ | జులై 9, మధ్యాహ్నం 12:50

అక్కా, మీరు మొదటి పోస్టులో రాసిన పులిసిన వాసన మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. అందరూ ఎలుకల గురించే చెప్తున్నారు, నేను బూజు గురించి చెప్తాను.

రెండేళ్ల కింద మా దగ్గర 32 నాటుకోళ్లు ఉండేవి. దాణా సొంతంగా కలుపుకునేవాళ్లం: సజ్జలు, నూకలు, తవుడు, వేరుశనగ చెక్క. ఆ సంవత్సరం ఒక కొట్లో చెక్క చవగ్గా వచ్చిందని రెండు బస్తాలు తెచ్చాను. పగలగొడితే లోపల అక్కడక్కడా ఆకుపచ్చ పొడి కనిపించింది. ఎండలో ఆరబెడితే పోతుందిలే అనుకుని రెండు రోజులు ఎండబెట్టి కలిపాను. పది రోజులకు కోళ్లు మేత తగ్గించాయి. రెక్కలు వేలాడేసి గోడవారన నిలబడేవి. గుడ్లు ఆగిపోయాయి. తెగులేమో అనుకుని టీకా వేయించాను, తగ్గలేదు. 14 పోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్లి కోయించి చూస్తే కాలేయం పసుపు రంగులో, ముట్టుకుంటే చితికిపోయేట్టు ఉంది. ఏం పెట్టావని డాక్టర్ అడిగాడు. చెక్క ముక్క చూపించాను.

నేను నా చేత్తో కలిపి పోసిన దాణా అది. ఇప్పటికీ తొట్టిలో ముద్దకట్టిన దాణా చూస్తే నాకు ఆ పసుపు కాలేయమే గుర్తొస్తుంది. తడిసిన దాణా ఒక్క పిడికెడైనా పోయకండి.

వెటర్నరీ_తాత | జులై 9, సాయంత్రం 4:10

బాబూ, ఇది రాసి చాలామంది కోళ్లను కాపాడావు.

ఆ ఆకుపచ్చ బూజు చేసే విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. వెతగ్గా వెతగ్గా అది వేరుశనగ చెక్కలో దొరికింది. ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసింది అప్పుడే. ఎండబెడితే బూజు ఎదగడం ఆగుతుంది గానీ అది వదిలిన విషం పోదు. ఉడకబెట్టినా కడిగినా పూర్తిగా పోదు. బాతులు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, కోళ్లకంటే వాటికి ఇది త్వరగా ఎక్కుతుంది.

పారిజాతం, వానాకాలానికి నీకు నాలుగు మాటలు. బస్తా నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచు. నెలకు మించి నిల్వ చేసేంత కొనకు. తొట్టి రోజూ ఖాళీ చేసి, అడుగు గీకి, ఆరబెట్టాకే మళ్లీ పొయ్యి. సొంతంగా కలుపుకునేవాళ్లు మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడు వారం పది రోజుల్లో వాడేయాలి, దాంట్లో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కిపోతుంది. నూనె తీసిన తవుడైతే ఎక్కువ రోజులు ఆగుతుంది. మొక్కజొన్న గింజ పంటి కింద టక్కుమని విరగాలి. మెత్తగా నొక్కుకుంటే తేమ ఉన్నట్టే, తీసుకోవద్దు.

పిట్టల సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఎంత నష్టం జరిగిందో అందరం చూశాం. బయటి పక్షుల రెట్ట మన కోళ్ల మేతలో పడకుండా చూసుకోవడమే పెరటి కోళ్లవాళ్ల చేతిలో ఉన్న జాగ్రత్త. తొట్టి చెట్టు కింద పెట్టకూడదు అనేది అందుకే. కొమ్మ మీద వాలిన కాకి రెట్ట నేరుగా దాంట్లోనే పడుతుంది. గూటి చూరు కిందికి మార్చు.

పారిజాతం_పెరడు | జులై 9, రాత్రి 9:15

తడిసిన దాణా అంతా గొయ్యి తీసి పూడ్చేశానండి. సీమ తమ్ముడూ, నీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. రేపు కొత్త బస్తా, రేకు డ్రమ్ము తెస్తున్నారు.

చిన్నగంప | జులై 12, ఉదయం 8:00

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది శ్రీకాకుళం. మా పెట్ట తొమ్మిది పిల్లలు చేసింది. పెద్దకోళ్ల లేయర్ దాణానే పిల్లలకూ పోస్తున్నాను. కొంచెం చోళ్లు (రాగులు) కూడా చల్లుతున్నాను. ఫరవాలేదా?

వెటర్నరీ_తాత | జులై 12, ఉదయం 8:30

చోళ్లు మంచివే. లేయర్ దాణా మాత్రం పిల్లలకు వద్దు. దాంట్లో గుడ్డు పెంకు కోసం 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది. పిల్లకు కావలసింది 1 శాతం. ఎక్కువైంది వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది. చిక్ స్టార్టర్ దాణా తీసుకో, మాంసకృత్తులు కూడా దాంట్లో ఎక్కువ.

అన్నీ ఒకే పెరట్లో తిరిగితే అందరికీ కాల్షియం తక్కువున్న గ్రోవర్ దాణా (ఎదిగే కోళ్ల దాణా) పెట్టి, పెద్దవాటికి ఆల్చిప్ప పొడి వేరే చిప్పలో ఉంచొచ్చు. కావలసిన కోడే వెళ్లి తింటుంది. సాయంత్రం పూట ఉంచితే ఇంకా మంచిది, పెంకు ఎక్కువగా తయారయ్యేది రాత్రే.

నల్లరేగడి | జులై 12, ఉదయం 9:05

పిల్లల దాణా పెద్దవి తినకుండా మా ఇంట్లో చేసే పద్ధతి చెప్తా. కోళ్ల గంప బోర్లించి, మూడువైపులా ఒక్కో ఇటుక ముక్క పెట్టి ఎత్తుతాం. కింద నాలుగు వేళ్ల సందు ఉంటుంది. దాణా గిన్నె గంప లోపల. పిల్లలు సందులోంచి దూరి తింటాయి, తల్లి చుట్టూ తిరుగుతూ కాపలా కాస్తుంది. కాకి కూడా ఎత్తుకుపోలేదు.

ఇంకొకటి, చెదలు. పాత కుండలో తడిపిన ఎండుగడ్డి, పేడ పిడక ముక్కలు, చిరిగిన గోనె గుడ్డ కుక్కి, సాయంత్రం చెద ఉన్న నేల మీద బోర్లించాలి. ఒక రాత్రికో రెండు రాత్రులకో కుండ ఎత్తితే గడ్డి అంతా తెల్లగా కదులుతూ ఉంటుంది. దాన్ని గోనె మీద దులిపితే ఆ పిల్లలు పడే సంబరం చూడాలి. అరనిమిషంలో ఒక్క చెద మిగలదు, ఆ తర్వాత గడ్డి పోచ పోచా తిరగేసి వెతుకుతాయి. మా అవ్వ దగ్గర నేర్చుకున్న పని ఇది. ఇంటి గోడకూ కలపకూ దూరంగా పెట్టండి. చెదలకు మందు కొట్టిన నేల మీద అసలు పెట్టొద్దు.

చిన్నగంప | జులై 12, ఉదయం 9:20

గంప పద్ధతి ఇప్పుడే పెట్టాను అన్నా. తొమ్మిదీ లోపలికి దూరాయి!

గోదారి_లంక | జులై 14, సాయంత్రం 6:00

అజొల్లా (నీళ్ల మీద తేలే నాచులాంటి మొక్క) వేసినవాళ్లు ఉన్నారా? నేను ఆరడుగుల పొడవు గొయ్యిలో టార్పాలిన్ పరిచి, జానెడు లోపు నీళ్లు, పేడ, కొంచెం సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేశాను. రెండు వారాలకు పచ్చటి దుప్పటిలా అయింది. కోళ్లు బాగా తింటున్నాయి. దాణా ఆపేయొచ్చా?

వెటర్నరీ_తాత | జులై 14, సాయంత్రం 6:35

ఆపకూడదు బాబూ. ఎండబెట్టిన అజొల్లాలో మాంసకృత్తులు బాగానే ఉంటాయి గానీ పచ్చిదాంట్లో 90 శాతానికి పైగా నీళ్లే. కోడి కడుపు నిండుతుంది, గుడ్డుకు కావలసింది అందదు. దాణాతోపాటు పక్కన పచ్చిమేతగా వెయ్యి. పేడ వాసన పోయేదాకా మంచినీళ్లలో కడిగి పెట్టు. ఇంట్లో మిగిలిన అన్నం, కూరగాయ తొక్కలకు కూడా ఇదే లెక్క, మొత్తం మేతలో పదో వంతు దాటనివ్వొద్దు. ఉప్పు, పచ్చడి, పచ్చి చిక్కుడు గింజలు అసలు వద్దు.

పారిజాతం_పెరడు | ఆగస్టు 9, ఉదయం 7:10

నెల రోజులైంది, లెక్క చెప్పాలని వచ్చానండి.

జులై 10న కొత్త బస్తా విప్పాను. ఈరోజు డ్రమ్ములో మిగిలింది తూశాను, 24 కిలోలు ఉంది. అంటే 30 రోజులకు 26 కిలోలు, రోజుకు దాదాపు 870 గ్రాములు. నల్లరేగడి తమ్ముడు మొదటి రోజు వేసిన లెక్క 880!

ఇప్పుడు చేస్తున్నది ఇది. పొద్దున్న 500 గ్రాములు, సాయంత్రం 4కి మిగతాది. గూటి చూరు కింద రెండు చిన్న తొట్లు వేలాడదీశాం. పక్కల చేపల వల కట్టాం, కింద కోడి దూరేంత ఖాళీ వదిలాం. గోరింకలు రెండు రోజులు చుట్టూ తిరిగి మానేశాయి. 6:30కి నేనో పాపో తొట్లు తీసి డ్రమ్ము మీద బోర్లిస్తాం. పాపకు అది తన పనే అయిపోయింది, నేను మరిచిపోయినా తను మరిచిపోదు. కింద రాలింది చీపురుతో ఊడ్చి ఎత్తేస్తాం.

బోనులో మొత్తం ఆరు ఎలుకలు, ఒక పందికొక్కు పడ్డాయి. పది రోజులుగా ఏమీ పడలేదు. మొన్న మళ్లీ ముగ్గు జల్లి చూశాను, ఒక కప్ప గెంతిన గుర్తులు తప్ప ఏమీ లేవు.

గుడ్లు అయిదు, ఆరు వస్తున్నాయి. తొక్కుడు ఫీడర్ చేయిస్తున్నాం, సంక్రాంతికి మా అక్క ఇంటికి వెళ్లే రోజుల కోసం.

ఒక్క సందేహం. నాటు పెట్ట మూడు రోజులుగా గుడ్ల మీద కూర్చుంది. నేను పోసేవేళకు అది దిగడం లేదు. మిగతావి తినేస్తున్నాయి. మెడ కింద తడిమితే రాత్రి ఖాళీగా ఉంటోంది.

వెటర్నరీ_తాత | ఆగస్టు 9, ఉదయం 7:50

తడిమి చూస్తున్నావు, చాలా సంతోషం తల్లీ. పొదుగు మీదున్న పెట్ట తక్కువే తింటుంది, అది దాని స్వభావం. కానీ మూడు వారాలు అలా వదిలేయకూడదు. రోజూ ఒకే వేళకు రెండు చేతులతో మెల్లగా లేపు. రెక్కల కింద గుడ్డు ఇరుక్కుని ఉంటుంది, ముందు అది చూసుకో. విడిగా, మిగతా కోళ్లు రాని చోట దింపి జొన్నలో సజ్జలో గింజలుగా పెట్టు, పక్కనే నీళ్లు. గింజ తింటే రెట్ట గట్టిగా ఉంటుంది, గూడు పాడవదు. ఇరవై నిమిషాలు బయట ఉన్నా గుడ్లకు ఏమీ కాదు.

పారిజాతం_పెరడు | ఆగస్టు 9, ఉదయం 8:40

ఇప్పుడే లేపానండి. ఎడమ రెక్క కింద నిజంగానే ఒక గుడ్డు ఉంది. రెండు గుప్పిళ్ల సజ్జలు పెడితే తలెత్తకుండా తినేసింది, నీళ్లు తాగింది, బూడిద కుప్పలో పొర్లాడింది. పావుగంటకు దానంతట అదే వెళ్లి గుడ్లు ముక్కుతో సర్దుకుని కూర్చుంది.